దొరగారి ఇంటిపేరు

“ఆ ‘దూడల’ తీసేసి ‘కాల్వర్ట్’ అని వెయ్యండి,” అన్నాడు నవలాకారుడు ప్రచురణకర్తతో, అట్ట మీద తన ఇంటిపేరును బొటనవేలితో కప్పేస్తూ.

కొడుకు తొలి పుస్తకం అట్ట చూడాలని వెంటపడి వచ్చిన నాన్న, కళ్ళజోడు తుడుచుకోవడం ఆపాడు. “మన ఇంటిపేరుకు ఏమొచ్చిందిరా?”

“కొట్టం వాసన, నాన్నా! నవల మీద దూడల అని ఉంటే జనం పుస్తకం అడగరు, పాలు అడుగుతారు.”

“మరి ఇదెవరిది?”

“పాత ఇంగ్లీషు నవల్లో ఒక దొరగారిది. ఎక్కడో గానీ వినపడదు. పలికితే చాలు, కోట గుమ్మం కళ్ళకు కడుతుంది.”

ప్రచురణకర్త కలం తీసింది. “అర్థం చెప్పండి. వెనక అట్ట మీద ఓ ముక్క రాస్తాను.”

“గొప్పింటి పేర్లకు అర్థాలెందుకండీ!”

ఆవిడ వినలేదు. బీరువాలోంచి ఇంగ్లీషు ఇంటిపేర్ల నిఘంటువు దించి, పేజీలు తిప్పి, ఒకచోట ఆగి పెదవి కొరుక్కుంది.

“పూర్వం దూడలు కాసేవాళ్ళకు వచ్చిన పేరటండీ.”

నవలాకారుడి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. “సరిగ్గా చూడండి!”

“ఎన్నిసార్లు చూసినా దూడలేనండీ. ఇంతకీ ఏం వెయ్యమంటారు? సాయంత్రానికి అట్ట అచ్చుకెళ్ళాలి.”

నాన్న తాపీగా కళ్ళజోడు పెట్టుకుని, కొడుకు బొటనవేలిని అట్ట మీద నుంచి తీసి పక్కన పెట్టాడు.

“అయితే ఆ దొర మనవాడేనమ్మా. కాకపోతే, దొరయ్యాక కూడా ఇంటిపేరు మార్చుకోలేదు.”