పొడుగు పైపు

“పైపు ఎంత పొడుగుది తీసుకుంటున్నారమ్మా?”

గోడవార బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఆ మాట అడగడం అప్పటికి మూడోసారి.

ఆవిడకి చిరాకేసింది. తేనెటీగల పెట్టెలు మోసే తమ పికప్ బండికి గాలి కంప్రెసర్ బిగించుకుందామని భర్తతో కలిసి పొద్దున్నే షాపుకి వచ్చింది. ఏ రకం తీసుకోవాలో తేలక తల తిరుగుతోంది. మధ్యలో ఈయనొకరు.

“మా వెనక చక్రం దాకా వస్తే చాలండి,” అంది.

“అది మీ చక్రం. దారిలో ఆగిపోయిన ఇంకో బండి చక్రమో?”

“వాళ్ళది వాళ్ళు చూసుకుంటారు. మేం కొనేది మా బండికి.”

పెద్దాయన నొచ్చుకోలేదు. దళసరి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకోసాగాడు.

షాపతను అందుకున్నాడు. “ఈ చిన్నది బ్యాటరీకి తగిలించుకోవడమే అక్కా. కాకపోతే రెండు చక్రాలు నింపేసరికి వేడెక్కి మొరాయిస్తుంది.”

“మా ఆవిడలాగే,” అన్నాడు భర్త.

“మీరైతే ఒక్క చక్రానికే. ఊరుకోండి.”

“ఇంజను బెల్టుతో నడిచేది గట్టిది. కానీ మీ బండిలో దానికి చోటు లేదు. ట్యాంకు ఉన్నదైతే తొట్టి కింద బిగిస్తాను. గాలి నిలవుంటుంది, మోటారు అలిసిపోదు.”

ఆవిడ ఆలోచనలో పడింది. పొద్దుతిరుగుడు చేలు పూతకొచ్చాయి. రేపు తెల్లవారకముందే పెట్టెలు అక్కడికి చేర్చాలి. మొదట సగం దారి ఇసుక. చక్రాల్లో గాలి తగ్గించుకుంటే గానీ బండి దిగబడకుండా పోదు. తారురోడ్డు ఎక్కే ముందు మళ్ళీ నింపుకోవాలి. అక్కడ ఆలస్యమైతే మూతలు బిగించిన పెట్టెల్లో ఈగలు ఎండకి ఉడికిపోతాయి. వాళ్ళ బతుకంతా ఆ పెట్టెల్లోనే ఉంది.

కిందటేడు అంత పనీ కాబోయింది. ఇసుక దారి చివర, తారురోడ్డు ఎక్కబోయే చోట చేతిపంపు విరిగి కూర్చుంది. ఎండ పెట్టెల మీదికి పాకుతోంది. అప్పుడు ఎవరో రోడ్డు మీద బండి ఆపాడు. దారి ఇరుకు, ఆ బండి పక్కకి రావడానికి లేదు. తలకీ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని, పెట్టెల సందుల్లోంచి బయటపడి ముసురుతున్న ఈగల మధ్యకి పైపు లాక్కుంటూ వచ్చాడాయన. ఆవిడేమో వల ముసుగులో ఉంది. ఒకరి ముఖం ఒకరికి తెలియలేదు. నాలుగు చక్రాలూ నింపి, వీళ్ళు దణ్ణం పెట్టేలోపే వెళ్ళిపోయాడు.

ఆయన కోసమని తీసిపెట్టిన తేనె సీసా అప్పటినుంచీ బండిలో, స్టీరింగు పక్కనే ఉంది. ఎవరు బేరమాడినా, “అది అమ్మేది కాదండి, ఒకరిది,” అంటుంది.

“నాకొక అనుమానం,” అన్నాడు భర్త నెమ్మదిగా. “ఆ తువ్వాలాయన కూడా తన వెనక చక్రం దాకానే కొనుక్కుని ఉంటే?”

ఆవిడ గోడకి వేలాడుతున్న పైపు చుట్టల కేసి చూసింది.

“పైపు మధ్యలో చీలి గాలి పోతుంటే, గుడ్డ పేలిక చుట్టి మైనం అద్దావు కదా డాక్టరమ్మలా. పొట్టి పైపయితే నీ వైద్యం దాకా వచ్చేదే కాదు.”

కళ్ళద్దాలు తుడుస్తున్న పెద్దాయన చెయ్యి ఆగింది.

“ఈగలు బతికాయా అమ్మా?” అని అడిగాడు.

“ఒక్క పెట్టె కూడా పోలేదండీ. చల్లగా ఉన్నాయి.”

“మంచిది,” అని అద్దాలు పెట్టుకున్నాడు.

ఆవిడ తలుపులోంచి బండి కేసి చూసింది. తేనె సీసా మీద ఎండ మెరుస్తోంది.

“ట్యాంకు ఉన్నదే బిగించు తమ్ముడూ,” అంది చివరికి. “పైపు మాత్రం నీ దగ్గరున్న వాటన్నిటిలోకీ పొడుగుది ఇవ్వు. ముందు బండికీ అందాలి, వెనక బండికీ అందాలి.” తర్వాత బెంచీ వైపు తిరిగింది. “ఇందాక దురుసుగా అన్నాను బాబాయిగారూ. మనసులో పెట్టుకోకండి.”

“పెట్టుకోవడానికేముందమ్మా. గాలేగా, మన ఇంట్లో వండిందా, పంచితే తరగడానికి?”

ఆయన లేచి షాపతని భుజం తట్టాడు. “ఇచ్చెయ్ బాబూ.”

గడపని కాలితో తడుముకుని దిగి, ఎదురుగా ఆగిన బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా షాపతను అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్ళి, ట్యాంకుతో ఉన్న కంప్రెసర్ ఒకటి ఈడ్చుకొచ్చాడు. పాతదే, అద్దంలా తుడిచి ఉంది. దాని పక్కన పెద్ద పైపు చుట్ట.

“పాతది అంటగడుతున్నావా?” అన్నాడు భర్త.

“ఇది ఆయనదేనండి. చూపు తగ్గి బండి అమ్మేశాడు. దీన్ని మాత్రం అమ్మనన్నాడు. పొడుగు పైపు కావాలన్నవాళ్ళకి ఊరికే ఇమ్మని, రోజూ వచ్చి ఆ బెంచీ మీద కాపు కాశాడు. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా వెనక చక్రం దాకానే అడిగారు.”

ఆవిడ గబగబా వాకిట్లోకి వచ్చింది. బస్సు లేదు.

“ఎక్కడుంటారాయన?”

“తెలీదక్కా. బస్సులో వచ్చేవాడు, బస్సులో పోయేవాడు. ఇంక రాడేమో, వచ్చిన పని అయిపోయిందిగా.”

మధ్యాహ్నానికి బిగింపు పూర్తయింది. పైపు ఎందాకా వస్తుందో చూద్దామని భర్త కొస పట్టుకుని నడిచాడు. అది బండి దాటింది, షాపు దాటింది, పక్క షాపు ముందున్న బండి దాకా వెళ్ళింది. ఆవిడ చేతుల్లోంచి పైపు జారుతూ పోతోంది. సగానికి వచ్చేసరికి అరచేతికి ఏదో గరుకుగా తగిలింది.

గుడ్డ పేలిక చుట్టి, పైన మైనం అద్దిన అతుకు అది. ఏడాది దుమ్ము పట్టిన ఆ మైనం మీద ఆవిడ బొటనవేలి ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.