కొండదారి కనబడే గది

“గదులు మూసేశానని చెబుతున్నాగా,” అంది ఆర్గిరో మూడోసారి. “ఈ ఏటికి అయిపోయింది.”

ఓడ దిగిన మనిషి కదల్లేదు. అరవై దాటి ఉంటాయి. చేతిలో చిన్న సంచీ, నెత్తిన నావికుల టోపీ. పేరు ఇగ్నాతియోస్ అన్నాడు. అక్టోబరు నెలాఖరులో ఆ దీవికి వచ్చేవాళ్లెవరూ ఉండరు. అద్దె గదుల బోర్డులు పట్టుకుని రేవులో నిలబడే ఆడవాళ్లు ఎప్పుడో ఇళ్లకు పోయారు. ఆర్గిరో కూడా తన కోళ్లను కాఫీకొట్టు సిదెరిస్‌కి ఇచ్చెయ్యడానికే కిందికి దిగింది. రాగి గిన్నెలు, మల్లె కుండీ అంతకు ముందురోజే అతని భార్యకు ఇచ్చేసింది.

సిదెరిస్ తన మేడమీద గది ఇస్తానన్నాడు. వెచ్చగా ఉంటుంది, కిటికీ తీస్తే సముద్రం, మెట్లు దిగితే కాఫీ. ఇగ్నాతియోస్ వద్దన్నాడు. కొండవాలున చిట్టచివరి ఇల్లే కావాలన్నాడు. అది ఆర్గిరో ఇల్లు.

“అక్కడ చలికి చచ్చిపోతారు,” అని నవ్వాడు సిదెరిస్.

“ఫరవాలేదు,” అన్నాడతను. నవ్వలేదు.

వచ్చినవాణ్ణి వెళ్లగొడితే ఆమె మొగుడు స్త్రాతిస్ ఊరుకునేవాడు కాదు. అతను పోయి ఎనిమిది నెలలైనా ఆ ఇంటి మర్యాద పోలేదు. ఆర్గిరో విసుక్కుంటూనే తాళాలు తీసింది.

మూడు గదులు. ఒకటి సముద్రం వైపు. ఇంకొకటి వంటింటి పొయ్యి గోడకు ఆనుకుని వెచ్చగా ఉంటుంది. మూడోది వెనకాల, ఇరుకు. దాని కిటికీలోంచి కొండకొమ్ముకు పోయే కాలిదారి తప్ప ఇంకేమీ కనబడదు. అతను మూడు కిటికీల్లోంచీ చూసి మూడోదే చాలన్నాడు.

“ఆ దారి ఎక్కడికండీ?”

“కొమ్ము దాకా.”

“ఆ తర్వాత?”

“తర్వాతేముంది, నీళ్లు.”

“అటు ఎవరైనా పోతుంటారా?”

“మేకలు కూడా పోవు.”

“ఇక్కణ్ణుంచి ఎంతసేపు పడుతుంది?”

పావుగంట అనబోయి ఆర్గిరో మాట మార్చింది. తిరుగు ప్రయాణం ఎప్పుడని అడిగింది. ఇంకా అనుకోలేదన్నాడు.

మర్నాడు పొద్దున్నే రేవుకు దిగి సిదెరిస్‌తో తన అనుమానం చెప్పింది. “ఒంటరి మగాడు కొండకేసి చూస్తే చావడానికేనా అక్కా? పెళ్లాం పోరు పడలేక వచ్చుంటాడు,” అన్నాడతను. కానీ ఎందుకైనా మంచిది, ఒంటరిగా వదలొద్దని కూడా అన్నాడు.

ఆర్గిరోకు ఒళ్లు మండింది. శీతాకాలం రాకముందే ఆమె ముగించాల్సిన పని ఒకటి మిగిలింది. పరాయి మనిషి ఇంట్లో ఉండగా అది కుదరదు. శుక్రవారం ఓడ ఉంది. అందాకా ఇతన్ని కాపాడి, ఆ ఓడ ఎక్కించి చేతులు దులుపుకుంటే చాలు.

ఇక్కడ చూడదగ్గవేమిటని అతనే అడిగేసరికి, అడిగిందే చాలని పనులు పురమాయించింది. మొదటిరోజు ఆలివ్ తోటకు తీసుకెళ్లి రాలే కాయల కోసం చెట్లకింద వల పరపించింది. రెండోరోజు దీవి అవతల ద్రాక్షపిప్పితో సారా కాచే చోటికి సిదెరిస్ బండిలో వెళ్లారు. అందరూ తూలుతుంటే అతను మాత్రం చుక్క ముట్టలేదు. తనకు మెలకువ కావాలన్నాడు. ఎందుకో అడగడానికి ఆమెకు భయమేసింది. మూడోరోజు చిన్న గుడికి సున్నం వేయించింది. ఏ పని చెప్పినా చేశాడు, అయితే ఆమె వస్తేనే. ఆమె శాలువా కప్పుకుని ఊరికే కొండవైపు నాలుగడుగులు వేస్తే, నేనూ వస్తానంటూ టోపీ అందుకున్నాడు. అతనికి ఆ దారి అలవాటు చేయడం ఇష్టంలేక వెనక్కి తిరిగింది.

సాయంత్రాలు ఏదో ఉత్తరం రాసేవాడు. ఆమె పప్పు పులుసు పట్టుకుని గదిలోకి వెళితే అరచేత్తో మూసేవాడు.

ఆమె కూతురు రినియో పత్రా నగరంలో ఉంటుంది. నెలలు నిండుతున్నాయి, మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. రోజూ ఫోను చేసేది. అంతా బాగానే ఉందనీ, నువ్వు మాత్రం కదలొద్దనీ చెప్పి ఆర్గిరో పెట్టేసేది.

శుక్రవారం తెల్లవారగానే, అతని ప్రయాణానికి రొట్టె తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. అతని పక్క చెదిరి ఉంది. బూట్లు మంచం కిందే ఉన్నాయి. టోపీ మేకుకే ఉంది.

రొట్టె అక్కడే పడేసి ఆమె కొండదారిన పరుగెత్తింది.  కొమ్ము చివర అతను మేజోళ్లతో మోకాళ్లమీద వంగి కిందనున్న నీళ్లలోకి చూస్తున్నాడు.

“ఇగ్నాతియోస్!”

అతను ఉలిక్కిపడి తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమెను చూసి అక్కడే రాతిమీద కూలబడ్డాడు. ఆర్గిరో అతని చొక్కా చెయ్యి పట్టుకుని అంచునుంచి ఇవతలకు లాగింది.

“మీ బాధేమిటో నాకు తెలీదు,” అంది రొప్పుతూ. “పొద్దున ఎందుకు లేవాలో తెలియని రోజులు నేనూ చూశాను. కానీ మీ వెనక ఎవరో ఒకరుంటారు కదా. మీరు పోతే అక్కడితో తీరిపోదు. వాళ్లు బతికున్నన్నాళ్లూ ఈ నీళ్లలో మీ మొహం వెతుక్కుంటారు. ఒక్కరోజు ముందొచ్చి ఉంటే అనుకుంటూనే ముసలాళ్లయిపోతారు. ఆ బరువు వాళ్ల నెత్తిన పెట్టి పోతారా? మనుషులు చేసే పనేనా అది?”

తన గొంతు తనకే వినబడి ఆగిపోయింది. కింద అల ఒకటి రాయికి కొట్టుకుని వెనక్కి పోయింది. అతను చొక్కా విడిపించుకోలేదు. రెండో చేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“లేచి చూస్తే మీరు ఇంట్లో లేరు. ముందే చెప్పకపోవడం నా తప్పు,” అన్నాడు చివరికి. “స్త్రాతిస్, నేనూ పదకొండేళ్లు ఒకే ఓడమీద పనిచేశాం.”

ఆమె అతని మొహంలోకి చూసింది.

“ఈ మాటలే మీకు చెప్పమని రినియో నన్ను పంపింది.”