పన్నెండో గది కార్డు

మంచు సముద్రంలో తిరిగే ఓడలో, గదులకు టీ తెచ్చే స్టీవార్డు ఖాళీ కప్పులు తీస్తుంటే కెటిల్ కింద నుంచి ఒక కార్డు జారిపడింది. అతను వంగేలోపే పన్నెండో గది పెద్దావిడ దాన్ని అందుకుని కళ్లద్దాలు పెట్టుకుంది.

"నా గురించేనా ఇది?"

"అవునమ్మా. ఒక్క ఓడే ఉన్నప్పుడు అందరి ఇష్టాలూ మాకు నోటికి వచ్చేవి. ఇప్పుడు కంపెనీకి ఏడు ఓడలు. మీరు ఏది ఎక్కినా మీకంటే ముందే మీ కార్డు అక్కడికి చేరిపోతుంది."

ఆవిడ పైకే చదివింది. "టీలో చక్కెర వద్దు. దిండ్లు రెండు. మంచు మీదికి దిగమని బలవంతపెట్టొద్దు." తర్వాతి వాక్యం దగ్గర గొంతు తగ్గింది. "ఒంటరిగా వస్తారు. టీ ఇచ్చాక పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి."

కిటికీ అవతల ఒక మంచుకొండ నెమ్మదిగా వెనక్కి జరిగిపోతోంది.

"నేనింకా నా కబుర్లంటే నీకు ఇష్టమనుకున్నాను," అంది.

అతను తల దించుకున్నాడు. ఆవిడ కార్డు తిరిగి ఇవ్వబోయి, గోడ గడియారం చూసి ఆగింది.

"నువ్వొచ్చి ముప్పావు గంటయింది. రోజూ ఇంతే. పది నిమిషాలు చాలని రాసుందిగా, మరి ఇంతసేపు ఎందుకు కూర్చుంటావు?"

స్టీవార్డు కప్పు మీద కప్పు పెట్టాడు. మళ్లీ తీశాడు.

"పనివాళ్లకి కార్డులు ఉండవమ్మా."

ఆవిడ అతని చేతిలోంచి ఒక కప్పు తీసుకుని, కెటిల్ తన వైపు జరుపుకుంది.

"కూర్చో. నీకు చక్కెర ఎన్ని చెంచాలు?"