రుచి చెప్పే మనిషి

పెదపాడు చేపల చెరువుల రైతుల్లో విదేశీ బీరు ఎవరికి దొరికినా ముందు అబ్బాయిరాజుకే ఇచ్చేవారు. అతను బాగుందంటేనే మిగతావాళ్లు కొనేవారు. తననెవరూ అడగరని అతని స్నేహితుడు ప్రదీప్‌కు కడుపు మండేది.

ఒక ఆదివారం ప్రదీప్ ఖాళీ బెల్జియం సీసాలో మామూలు బీరు నింపి తెచ్చి, అందరి ముందూ అబ్బాయిరాజు గ్లాసులో పోశాడు.

అబ్బాయిరాజు నిదానంగా ఒక గుక్క తాగాడు. "కమలాతొక్క వాసన వస్తోందండీ. దొరికితే వదలకండి," అన్నాడు.

అతని పరువు తీద్దామని ప్రదీప్ నోరు తెరవబోయాడు. అంతలో అబ్బాయిరాజు అతని చెవి దగ్గరికి వంగాడు.

"నిరుడు కరోనా వచ్చినప్పటి నుంచి నాకు రుచీ వాసనా తెలియట్లేదు బావా. ఎవరికీ చెప్పకు. తెచ్చింది నువ్వు కదా, మంచిదే అయ్యుంటుందని అలా అన్నాను."