తప్పుగంట

అప్పటికి ప్రతి గుమ్మానికీ సర్కారువారు తప్పుగంట కట్టేశారు. తప్పొప్పులు మనుషులు అనుకునేవి కావనీ, ఆకాశంలో చుక్కల్లా ఎప్పుడూ ఉన్నవేననీ, గంటకి అవి కనిపిస్తాయనీ చెప్పారు. పెళ్లిలో మాడిన పులిహోర బాగుందన్నందుకు ఓసారి ఊరు ఊరంతా మూడు రోజులు మోగింది. గంట మోగిన ఇంటి పడవ మర్నాడు చేపల వేటకు పోకూడదు.

దానమ్మ మొగుడు గురయ్య పడవతో సహా సముద్రంలో పోయి ఏడాదైంది. ఇప్పుడు మరిది పడవ మీదే ఆ ఇల్లు బతుకుతోంది. అత్త నూకాలుకి మతిమరుపు. రోజూ పొద్దుగూకేసరికి "గురయ్యొచ్చినాడేటే?" అని అడిగేది.

గంటకి భయపడి దానమ్మ నిజమే చెప్పేది. "లేడత్తా, సచ్చిపోనాడు."

ముసలిది ఆ మాట అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేది. గంట మాత్రం కిమ్మనేది కాదు.

ఓ సాయంత్రం దానమ్మ ఇక చెప్పలేకపోయింది. "వత్తన్నాడత్తా, ముద్ద తిను" అంది. గంట మోగింది.

పక్కింటి సన్నాసి తన గుమ్మంలోంచే అరిచాడు. "నిజమే పెద్దమ్మా! నీకు వంజరం చేప కూడా తెత్తన్నాడు!" అతని గంటా మోగింది.

"వంజరం కాదెహె, సొర!" అంది ఎదురింటి అప్పయ్యమ్మ. అలా వీధి చివరిదాకా గంటలే. నూకాలు నవ్వుకుంటూ కంచం ఖాళీ చేసింది.

తెల్లారింది. వేటకు పోయే దారిలేక పడవలన్నీ ఇసుకలో వరుసగా ఉన్నాయి. నూకాలు కర్ర ఊతంగా వచ్చి ఒక్కొక్కదాన్నీ తడిమి చూసింది. చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"అందరి పడవలూ ఒడ్డునే ఉన్నాయి గదరా, మావోడిదేదిరా?"

ఒడ్డున గంటల్లేవు. అయినా సన్నాసి తల దించుకుని, చిక్కులేని వలనే విప్పసాగాడు.