కాదని చెప్పే పరీక్ష

"ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఇస్తాం సార్."

గొంతు వణకలేదు. అమ్మయ్య అనుకుంది కౌంటర్ వెనక కూర్చున్న పిల్ల.

"మా ఆవిడకి చెయ్యి లేవట్లేదమ్మా," అన్నాడు అవతలి పెద్దాయన. "కళ్లే తెరవట్లేదు, ఇంక సంతకం ఎక్కడ పెడుతుంది? సాయంత్రంలోగా కడితేనే ఆపరేషన్ అంటున్నారు. ఆ డిపాజిట్ మాదే కదా. మా ఇద్దరిదీను."

పిల్ల అంటే పిల్లే మరి. స్కూల్లో పన్నెండో తరగతి చదువుతోంది. ఒంటి మీదున్నది పెద్దమ్మ కూతురి కోటు, చేతులు పొడుగైతే లోపలికి మడిచి పిన్నులు పెట్టింది. మెడలో కార్డు మీద మాత్రం 'అధికారి' అని ఉంది. ఎదురుగా కుర్చీల్లో ఖాతాదారుల్లా బుద్ధిగా కూర్చున్నవాళ్లంతా ఆమె క్లాసువాళ్లే. పక్కన అద్దాల గదిలో, మేనేజర్ సీట్లో, కామర్స్ మాస్టారు కూర్చుని మార్కులు వేస్తున్నారు.

ఈ బ్యాంకు శాఖని కిందటి నెలే ఎత్తేశారు. రేపటి ఉద్యోగాలకి పిల్లల్ని తయారుచేసుకోండంటూ కౌంటర్లతో సహా స్కూలుకి ఇచ్చేశారు. బయట బోర్డు కూడా ఇంకా దింపలేదు. దాంతో మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఉత్త పాఠాలు బట్టీపడితే ఉద్యోగాలు రావర్రా, మనిషి మొహం చూస్తూ పని చెయ్యడం రావాలి అని ఆయన ఎప్పుడూ అనే మాటే. ఖాతా తెరవడం, వడ్డీ వివరించడం, కోపంగా వచ్చినవాణ్ణి చల్లబరచడం, అన్నీ అయ్యాయి. ఇవాళ్టిది ఆఖరి పరీక్ష. కాదని చెప్పడం.

"కిందటేడు క్లాసులోకి తెచ్చిన నాటకాలాయన్ని అందరూ గుర్తుపట్టేశారు. అందుకని ఈసారి కొత్తాయన్ని ఫోన్లో మాట్లాడుకున్నాను," అన్నారు మాస్టారు పొద్దున్న. "ఏడుస్తాడు, కాళ్లా వేళ్లా పడతాడు. కరిగారో, మార్కులు గల్లంతే."

కరగడంలో ఈ పిల్లని మించినవాళ్లు లేరు. రబ్బరు అడిగితే పెన్సిలు కూడా ఇచ్చేసే రకం. అందుకే క్లాసులో అందరూ వెన్నముద్ద అంటారు. పరీక్షలో నెగ్గిన ఒక్కరికి బ్యాంకు పెద్దాఫీసులో శిక్షణ, ఆ వెంటే ఉద్యోగం. వెన్నముద్ద తల్లి సూపర్ మార్కెట్లో బిల్లులు కొడుతుంది, రోజంతా నిలబడే. ఇంటికొచ్చి బకెట్లో వేణ్ణీళ్లు పోసుకుని, పాదాలు అందులో పెట్టుకుని, "నువ్వైనా కూర్చుని చేసే ఉద్యోగం చూసుకోవే," అంటుంది. ఆ కుర్చీ కోసమే వెన్నముద్ద ఇవాళ గుండె రాయి చేసుకుని వచ్చింది.

పెద్దాయన కౌంటర్ మీద రెండు చేతులూ ఆన్చాడు. ముంజేతికి ఆసుపత్రివాళ్లు కట్టే కాగితం పట్టీ ఉంది. లోపలికొస్తున్నప్పుడు రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు కనిపిస్తే కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎంత పకడ్బందీగా వచ్చాడీయన అని వెన్నముద్దకి ముచ్చటేసింది కూడా.

"డాక్టర్ గారి దగ్గర రాయించుకురండి సార్. సోమవారం పరిశీలిస్తాం."

"సోమవారం దాకా ఆగేలా లేదమ్మా ఆవిడ."

ఏడుస్తూ అనలేదు. టైమెంతైందో చెప్పినట్టు చెప్పాడు. కాళ్లా వేళ్లా పడతాడన్నారుగా, పడితే ఇంతకన్నా తేలిగ్గా ఉండేదేమో. వెన్నముద్ద అద్దాల గదివైపు చూసింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"పోనీ పెద్దవాళ్లెవరైనా ఉంటే పిలువమ్మా. వాళ్లని అడుగుతాను."

"ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు సార్."

"అయితే నువ్వే నాతో రా తల్లీ. ఆసుపత్రి ఈ వీధి చివరే. నీ కళ్లతో చూసి, ఆవిడ వేలిముద్ర వేయించుకో. అదైనా పనికొస్తుంది కదా?"

మాస్టారు నేర్పిన పాఠంలో ఇది లేదు. ఆయన అడిగింది సబబుగానే ఉంది. వెన్నముద్ద తనకి తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచింది.

"అయిపోయింది, కరిగింది," అని ఎవరో గుసగుసలాడారు.

ఒళ్లు మండింది. మళ్లీ కూర్చుంది.

"సీటు వదిలి రావడానికి మాకు వీల్లేదు సార్. ఇంకేమైనా సాయం కావాలా?"

ఆ చివరి ప్రశ్న తప్పకుండా అడగాలి, అదీ నవ్వుతూ అడగాలి. నవ్వుతూనే అడిగింది.

పెద్దాయన ఆమెని తేరిపార చూశాడు. "నీ అంత మనవరాలు ఉంది నాకు. నానమ్మ మంచం పక్కనే కూర్చుంది. వెళ్లి దానికేం చెప్పమంటావు?"

ఆమె ఎదురుగా ఉన్న కాగితాలు సర్దింది. మాట పొడిగిస్తే మార్కులు పోతాయి. ఆయన తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం కిటికీలోంచి కనిపించింది.

"అదేంట్రా, చప్పట్లు కొడదామంటే వెనక్కి తిరిగి దండమైనా పెట్టలేదు," అన్నాడు కుర్చీల్లోంచి ఒకడు.

"పెద్ద నటులంతా అంతేలే," అన్నాడు ఇంకొకడు.

మాస్టారు అద్దాల గదిలోంచి ఆనందంతో ఊగిపోతూ వచ్చారు. "చూశారర్రా, లేవబోయి కూర్చోవడం! ఉద్యోగమంటే అదీ. పెద్దాఫీసులో సీటు నీదేనే తల్లీ."

క్లాసంతా వచ్చి మీద పడింది. ఇకనుంచి వెన్నముద్ద కాదు, కొరకరాని కొయ్య అన్నారు. ఆమె కూడా నవ్వింది. అయినా ఎందుకో ఏడుపు తన్నుకొస్తోంది. గెలిచినందుకే కాబోలు అని సరిపెట్టుకుని, అమ్మకి చెబుదామని ఫోన్ తీసింది.

అప్పుడే టీ తాగొచ్చిన వాచ్‌మన్ తలుపులోంచి లోపలికి తొంగిచూశాడు.

"మాస్టారూ, మీరు ఫోన్లో మాట్లాడుకున్న నాటకాలాయన ఇప్పుడే బస్సు దిగొచ్చాడు, పంపనా?"