ఊగే వంతెన

కౌంటీ ఇంజనీరు సత్యానందం ఆ పాత వేలాడే వంతెనను కూల్చేయమనే చెబుదామనుకున్నాడు. ఒకప్పుడు దాని మీద గుర్రబ్బండ్లు తిరిగాయి, తర్వాత కార్లు. ఇప్పుడు, 1979లో, గేటు వేసేశారు.

ఆఖరిసారి చూసి రావడానికి బయల్దేరుతూ భార్య నవోమిని కూడా కారెక్కించుకున్నాడు. ఎప్పటిలాగే ఆమె నాలుగడుగులు వెనకే నడిచింది. నది మధ్యకొచ్చేసరికి వంతెన ఊగింది.

“ఏవండీ,” అంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. బయట చెయ్యి పట్టుకోవడం పెళ్లయ్యాక అదే మొదలు.

సోమవారం ఆఫీసులో, వంతెనను నడిచేవాళ్ల కోసం ఉంచుదామన్నాడు సత్యానందం.

“ఊగుతుంది కదా,” అన్నాడు బాస్.

“ప్రమాదమేం లేదు. ఊగనివ్వండి.”

వంతెన మళ్లీ తెరిచిన రోజు నవోమి మొదట్నుంచే అతని చెయ్యి పట్టుకుంది.

“ఇంకా భయమేనా?” అన్నాడు.

“భయమేంటండీ. చిన్నప్పుడు తాటిదూలం మీద కాలవ దాటి బడికెళ్లినదాన్ని,” అంది నవోమి, చెయ్యి వదలకుండానే.